కెల్టిక్ అంటే జాతా, మతమా, సంస్కృతా?

ముందుగా మీ ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకి పనికొస్తుంది. మీరు ఏడాదిగా డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నారు. మీ టీమ్‌లో ఒక అమెరికన్ డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకుని "నేను సగం కెల్టిక్" అని అందరికీ చెప్తున్నాడు. ఇంకొకావిడ మెడలో ముడుల డిజైన్ లాకెట్ వేసుకుని, తన మతమే కెల్టిక్ అంటోంది. అక్కడే పుట్టి పెరిగిన ఐరిష్ అమ్మాయి మాత్రం ఇద్దరి మాటలూ విని నవ్వి ఊరుకుంది. "ఇంతకీ కెల్టిక్ అంటే మన కులం లాంటిదా, మతమా, సంస్కృతా? ఆ అమ్మాయి ఎందుకు నవ్వింది?" అన్నది మీ సందేహం.

నా సంగతి కూడా చెప్పాలి కదా. హైదరాబాద్‌లో భాషాశాస్త్రం చదివాను. మా ఆవిడకి ఇక్కడి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో పద్దెనిమిదేళ్ళ కింద ఉత్తర వేల్స్‌కి వచ్చాం. మేముండే గ్వినెద్ ప్రాంతంలో కిరాణా కొట్లోనూ, మంగలి షాపులోనూ వినిపించేది వెల్ష్ భాషే. సాయంత్రం క్లాసులకి వెళ్ళి నేనూ నేర్చుకున్నాను. యాస చూసి పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు, అది వేరే విషయం.

ఉచ్చారణతో మొదలుపెడదాం. ఈ జనాల గురించి, భాషల గురించి మాట్లాడేటప్పుడు "కెల్టిక్" అనాలి. గ్లాస్గోలోని ఫుట్‌బాల్ క్లబ్, అమెరికాలోని బోస్టన్ బాస్కెట్‌బాల్ టీమ్ మాత్రం "సెల్టిక్". ఈ రెండూ తారుమారు చేస్తే మీ ఆఫీసులో మళ్ళీ నవ్వుతారు.

ఇక అసలు విషయం. కెల్టిక్ అనేది ఇవాళ ప్రధానంగా ఒక భాషా కుటుంబం పేరు. మన "ద్రావిడ" లాంటి మాట. ఈ పోలిక ఊరికే తేలేదు, రెండు మాటల చరిత్రా దాదాపు ఒకటే. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబం అని 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర చూపించాడు. 1856లో కాల్డ్‌వెల్ అనే మిషనరీ ఆ కుటుంబానికి ద్రావిడ అనే పేరు స్థిరపరిచాడు. అప్పటిదాకా తెలుగు రైతు ఎవడూ తనని తాను ద్రావిడుణ్ణి అనుకోలేదు. తర్వాత ఆ మాట భాష దాటి జాతి అయింది, రాజకీయం అయింది, కొందరికి గర్వం కూడా అయింది. కెల్టిక్‌కీ సరిగ్గా ఇదే జరిగింది, కాకపోతే వందేళ్ళు ముందు. (కాల్డ్‌వెల్ పుట్టింది కూడా ఐర్లండ్‌లోనే, ఆంట్రిమ్ కౌంటీలో. తల్లిదండ్రులు స్కాట్లండ్ వాళ్ళు.)

అలాగని ఈ మాట గాలిలోంచి పుట్టిందని కాదు. "కెల్టోయ్" అనే పేరు గ్రీకులది. క్రీ.పూ. ఐదో శతాబ్దంలో హెరోడోటస్, డాన్యూబ్ నది పుట్టేచోట వీళ్ళుంటారని రాశాడు. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో జూలియస్ సీజర్ ఇవాళ్టి ఫ్రాన్సు మీద దండెత్తినప్పుడు, అక్కడి ఒక భాగం వాళ్ళు తమ భాషలో తమని కెల్టే అనుకుంటారని, తాము వాళ్ళని గాల్ అంటామని రాశాడు. అంటే ఆ పేరుతో తమని తాము పిలుచుకున్న జనం నిజంగానే ఉన్నారు. కాకపోతే వాళ్ళుండేది ఫ్రాన్సులో. చిక్కు ఎక్కడొచ్చిందంటే, బ్రిటన్‌లోనూ ఐర్లండ్‌లోనూ ఉన్నవాళ్ళని ఆ కాలపు రచయితలు బ్రిటన్లనీ, హిబెర్నియా (అంటే ఐర్లండ్) వాళ్ళనీ రకరకాలుగా పిలిచారు కానీ కెల్టులు అనలేదు. వాళ్ళు తమనీ అలా అనుకున్నట్టు ఆధారం లేదు. ఇవాళ కెల్టిక్ అనగానే మనకి గుర్తొచ్చే ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లకి ఆ పేరు పాతకాలంలో లేనే లేదన్నమాట!

మీకు తెలియకుండానే మీకు తెలిసిన కెల్టులు ఇంకొకరున్నారు. తెలుగు బైబిల్లో పౌలు రాసిన పత్రికల్లో గలతీయులకు రాసినది ఒకటుంది కదా. ఆ గలతీయ దేశం పేరు కెల్టుల వల్లే వచ్చింది. క్రీ.పూ. 279లో ఒక పెద్ద గుంపు గ్రీసులోని డెల్ఫీ దాకా దూసుకొచ్చింది, ఆ మరుసటేడు కొన్ని తెగలు సముద్రం దాటి ఇవాళ్టి టర్కీలో స్థిరపడ్డాయి. ఇప్పటి రాజధాని అంకారా అప్పట్లో వాళ్ళ ముఖ్య పట్టణాల్లో ఒకటి. నాలుగో శతాబ్దంలో జెరోమ్ అనే పండితుడు, గలతీయుల మాట జర్మనీలోని ట్రియర్ వైపు వాళ్ళ మాటలాగే ఉంటుందని రాశాడు. పౌలు రాసింది ఈ తెగలకా, లేక అదే పేరున్న రోమన్ రాష్ట్రంలోని ఇతరులకా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మా నాయనమ్మ గుంటూరులో ఆ పత్రికలోని వచనాలు ఒప్పజెప్పేది. ఆ పేరుకి ఇప్పుడు మా పక్కింటి పెద్దాయన మాట్లాడే భాషతో చుట్టరికం ఉందని చెప్పి ఉంటే ఏమనేదో.

రోమ్ పడిపోయాక వెయ్యేళ్ళకి పైగా కెల్టుల పేరు పుస్తకాల్లో మూలన పడింది. మళ్ళీ దాన్ని దులిపి పైకి తీసింది భాషల మీద మోజున్నవాళ్ళు. వాళ్ళలో నాకు చాలా ఇష్టమైన మనిషి ఎడ్వర్డ్ లూయిడ్. వేల్స్ మూలాలున్నవాడు, ఆక్స్‌ఫర్డ్‌లో మ్యూజియం చూసుకునేవాడు. నాలుగేళ్ళు వేల్స్, ఐర్లండ్, స్కాట్లండ్, ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ అన్నీ తిరిగి, చివరికి ఫ్రాన్సు కొసన ఉన్న బ్రిటనీకి వెళ్ళాడు. మాటలు అడిగి రాసుకుంటూ తిరుగుతుంటే గూఢచారి అనుకుని అక్కడ జైల్లో పెట్టారు. 1707లో అచ్చువేసిన పుస్తకంలో ఈ భాషలన్నీ ఒక తల్లి పిల్లలని పట్టికలతో సహా చూపించాడు. అంతకు నాలుగేళ్ళ ముందే పెజ్రాన్ అనే బ్రిటనీ సన్యాసి, తమ భాష పాత కెల్టులదే అని రాసి ఉన్నాడు. ఈ ఇద్దరి తర్వాత కుటుంబానికి కెల్టిక్ పేరు అతుక్కుపోయింది. 1707 ఇంగ్లండ్, స్కాట్లండ్ కలిసి ఒకే రాజ్యమైన ఏడు కూడా. అందరూ ఇక "బ్రిటిష్" అవ్వాలంటున్న రోజుల్లో, ఇంగ్లీషువాళ్ళు కానివాళ్ళకి తమదంటూ చెప్పుకోవడానికి ఒక పేరు దొరికింది.

లూయిడ్ చూసింది ఏమిటో మీరు మీ వేళ్ళ మీదే చూసుకోవచ్చు. ఐరిష్‌లో నాలుగుని "క్యాహిర్" అంటారు, వెల్ష్‌లో "పెద్వార్". ఐదు ఐరిష్‌లో "కూగ్", వెల్ష్‌లో "పింప్". కొడుకు అక్కడ "మాక్", ఇక్కడ "మాబ్". తల అక్కడ "క్యాన్", ఇక్కడ "పెన్". ఒకవైపు క ఉన్నచోట రెండోవైపు ప, బ వస్తున్నాయి, చూశారా? ఐరిష్, స్కాటిష్ గేలిక్, ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని మాంక్స్ ఒక గుంపు. వెల్ష్, కార్న్‌వాల్‌లోని కార్నిష్, బ్రిటనీలోని బ్రెటన్ ఇంకో గుంపు. అన్నదమ్ముల పిల్లలే కానీ ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. నేను డబ్లిన్ వస్తే నా వెల్ష్ నాకు కాఫీ కూడా తెప్పించదు.

ఇవన్నీ ఇండో యూరోపియన్ భాషలు, అంటే సంస్కృతానికి దూరపు చుట్టాలు. ఐరిష్‌లో రాజు "రీ", పాత గాల్ భాషలో "రిక్స్", సంస్కృతంలో రాజన్. ఆవు "బో", మనవైపు గో. పది "దెహ్", మనవైపు దశ. ఇక్కడ ఒక హెచ్చరిక: వెల్ష్‌లో తాతని "తైద్" అంటారు. ఉత్తర వేల్స్‌లో నాయనమ్మ, అమ్మమ్మ ఇద్దరూ "నైన్". తాత–తైద్, నాయన–నైన్ అంటూ వెల్ష్‌కి తెలుగే తల్లి అని వాట్సాప్ ఫార్వర్డ్ ఒకటి నాకు ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. పసిపిల్లల నోట త, న, మ లతోనే మొదటి మాటలు వస్తాయి, ప్రపంచమంతా అంతే. అంతకుమించి అందులో ఏమీ లేదు.

సరే, మీ అమెరికన్ కొలీగ్ దగ్గరికి వద్దాం. ఆ టెస్టులో "కెల్టిక్" అని వచ్చిందంటే అర్థం ఏమిటి? ఆ కంపెనీ దగ్గర ఉన్న నమూనాల్లో ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్ వాళ్ళతో ఆయన డీఎన్‌ఏ ఎక్కువ కలిసిందని. అంతే. ఆ గుంపుకి పేరు పెట్టింది కంపెనీ, రక్తం కాదు. 2015లో బ్రిటన్ జన్యువుల మీద పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది. పల్లెల్లో ఉండే సుమారు 2,000 మందిని తీసుకున్నారు, వాళ్ళ అవ్వాతాతలు నలుగురూ దాదాపు ఒకే ప్రాంతంలో పుట్టినవాళ్ళై ఉండాలని షరతు పెట్టుకున్నారు. తేలింది ఏమిటంటే, కెల్టిక్ అనే ఒక జన్యు గుంపు లేదు. కార్న్‌వాల్, వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ వాళ్ళు ఒకరికొకరు చాలా వేరుగా కనిపించారు. కార్న్‌వాల్ వాళ్ళు వేల్స్ వాళ్ళకన్నా మిగతా ఇంగ్లండ్ వాళ్ళకే దగ్గర. వేల్స్‌లోనే ఉత్తరం వాళ్ళు, దక్షిణం వాళ్ళు వేరువేరు గుంపులుగా పడ్డారు. దీని మీద మా ఊరి పబ్‌లో వారం రోజులు జోకులు నడిచాయి.

కాబట్టి కులంతో పోల్చకండి. కులంలో పుట్టుకే ప్రవేశం. ఇక్కడ ప్రవేశం ఎక్కువగా నోటి నుంచి. 1865లో ఒక ఓడలో వెల్ష్ వాళ్ళు అర్జెంటీనాలోని పటగోనియాకి వెళ్ళి స్థిరపడ్డారు. వాళ్ళ వారసుల్లో చాలామంది ఇంటిపేర్లు, వంటలు, పెళ్ళిళ్ళు స్పానిష్ వాళ్ళతో కలిసిపోయాయి. అయినా అక్కణ్ణించి ఎవరైనా వచ్చి వెల్ష్‌లో నోరు తెరిస్తే ఇక్కడివాళ్ళు మనవాడే అంటారు. నాక్కూడా, నా రంగు, నా పేరు ఇవన్నీ ఉండగానే, మంగలాయన "నువ్వు వెల్ష్ నేర్చుకున్న వెల్షోడివి" అన్నాడు. మొహమాటానికే అన్నాడేమో. కానీ ఏ మాటతో అన్నాడో గమనించండి, కెల్టిక్ అనలేదు.

ఎందుకంటే ఇక్కడ ఎవరూ ఆ మాట తమ గురించి వాడరు. కొత్తలో తెలివి చూపించుకుందామని పక్కింటి పెద్దాయనతో "మీరు కెల్టిక్ కదా" అన్నాను. ఆయన తోటలో ఉల్లినారు నాటుతున్నాడు. తలెత్తకుండానే "అది మ్యూజియం వాళ్ళ మాట, నేను కమ్రో" అన్నాడు. కమ్రో అంటే వెల్ష్ మనిషి. బహువచనం కమ్రి. దాని మూలార్థం ఒకే నేలవాళ్ళు, తోటివాళ్ళు అని. వెల్ష్ అనే పేరేమో ఇంగ్లీషువాళ్ళు పెట్టింది, దాని అర్థం పరాయివాడు! మనల్ని తమిళులు వడుగర్, అంటే ఉత్తరాదివాళ్ళు అన్నట్టు. కాకపోతే సొంత ఊళ్ళోనే పరాయివాడనిపించుకోవడం ఇంకాస్త కష్టం.

మతం సంగతికొస్తే కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే లాకెట్ ఆవిడని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పాత గాల్, బ్రిటన్ దేశాల్లో డ్రూయిడ్ అనే పూజారులుండేవాళ్ళు. కొందరు ఇరవయ్యేళ్ళ పాటు శ్లోకాలు కంఠతా పడతారని, పవిత్రమైన విషయం రాతలో పెట్టరని సీజర్ రాశాడు. వేదపాఠశాల గుర్తొస్తోంది కదా? తేడా ఏమిటంటే మన దగ్గర కంఠాలు తెగకుండా వచ్చాయి, అక్కడ తెగిపోయాయి. క్రీ.శ. 60 ప్రాంతంలో రోమన్ సైన్యం వాళ్ళకి గట్టి స్థావరమైన ఆంగ్లసీ దీవి మీద పడి, పవిత్రమైన తోపులు నరికేసింది. ఆ దీవి మా ఇంటి మేడ మీంచి కనిపిస్తుంది. డ్రూయిడ్లు స్వయంగా చెప్పిన ఒక్క ప్రార్థన, ఒక్క మంత్రం మనదాకా రాలేదు. ఉన్నవన్నీ గ్రీకులు, శత్రువులైన రోమన్లు రాసినవి, లేదా వందల ఏళ్ళ తర్వాత ఐర్లండ్, వేల్స్‌లలో క్రైస్తవులు రాసిపెట్టిన కథలు.

దొరికినవాటిలో మన పంచాంగం తిరగేసేవాళ్ళకి నచ్చేది ఒకటుంది. 1897లో ఫ్రాన్సులోని కొలిన్యీ అనే ఊళ్ళో ముక్కలైన కంచు పలక దొరికింది. గాల్ భాషలో చెక్కిన కేలండర్ అది. అయిదేళ్ళకి 62 నెలలు, అంటే అరవైకి తోడు రెండు అధిక మాసాలు. ప్రతి నెలా రెండు పక్షాలుగా చీలి ఉంటుంది. మన వేదాంగ జ్యోతిషంలోనూ అయిదేళ్ళ యుగానికి 62 చాంద్రమాసాలే. ఇది చూసి ఎగిరి గంతేయకండి. చంద్రుడు ఇద్దరికీ ఒకడే కాబట్టి లెక్క ఇద్దరికీ అలాగే వస్తుంది.

ఇవాళ డ్రూయిడ్ మతం, కెల్టిక్ మతం అని పాటించేవాళ్ళు ఉన్నారు. 2010లో ఇంగ్లండ్‌లో డ్రూయిడ్ నెట్‌వర్క్ అనే సంస్థకి మతసంస్థగా చారిటీ గుర్తింపు కూడా వచ్చింది. అది నిజమైన మతమే, పాటించేవాళ్ళకి నిజమైన భక్తి. కానీ పాతది కాదు. వాళ్ళు జరుపుకునే ఎనిమిది పండుగల చక్రం 20వ శతాబ్దం మధ్యలో కుదిర్చినది. అందులో నాలుగు, సౌవిన్, ఇంబల్గ్, బెల్టేన్, లూనసా, ఐర్లండ్ పాత పండుగలే. హాలోవీన్‌కి మూలం ఆ సౌవిన్. ఇంబల్గ్ రోజైన ఫిబ్రవరి 1 ఐర్లండ్‌లో సెయింట్ బ్రిజిడ్ పండుగ కూడా, దానికి 2023 నుంచి మీకు సెలవిస్తున్నారు కదా. ఇక స్టోన్‌హెంజ్ డ్రూయిడ్లది అనే మాట నమ్మకండి. ఆ రాళ్ళు డ్రూయిడ్ల ప్రస్తావన వచ్చే కాలానికి రెండు వేల ఏళ్ళకి పైగా పాతవి.

మరి కెల్టిక్ భాషలు మాట్లాడే మామూలు జనం మతం ఏమిటి? క్రైస్తవం. అందులోనూ ఒకరికొకరు పొసగని రకాలు. ఐరిష్ మాట్లాడే పల్లెలు కేథలిక్. వెల్ష్‌ని పందొమ్మిదో శతాబ్దంలో నిలబెట్టింది ప్రొటెస్టెంట్ చాపెళ్ళు, వాటి ఆదివారం బడులు. స్కాట్లండ్‌లో గేలిక్ ఇంకా వినిపించే లూయిస్ దీవిలో ఆదివారం నియమం ఎంత గట్టిదంటే స్టోర్నొవే నుంచి ఆదివారం ఫెర్రీ నడవడం 2009లో గానీ మొదలవ్వలేదు. చెట్టుకి మొక్కే డ్రూయిడ్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి అక్కడ దొరికేది కీర్తనలు పాడుతున్న పెద్దమనుషులే.

సంస్కృతి గురించి చెప్పడానికి నాకు ఇష్టం, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. దుకాణాల్లో కెల్టిక్ అని అమ్మే సరుకులో సగం అనుమానాస్పదమే. ఆ ముడుల డిజైన్ మీ డబ్లిన్‌లోనే ట్రినిటీ కాలేజీలో ఉన్న సుమారు 800 నాటి సువార్తల ప్రతి వల్ల పేరుపొందింది. అందమైనదే, కానీ ఆ అల్లికలో ఆంగ్లో శాక్సన్ల చెయ్యీ ఉంది, మధ్యధరా చెయ్యీ ఉంది. స్కాట్లండ్‌లో ఒక్కో వంశానికి ఒక్కో గళ్ళ గుడ్డ అనే పద్ధతి, 1822లో రాజుగారి ఎడిన్‌బరో పర్యటన హడావుడి తర్వాత పుంజుకున్నది.

వీటన్నిటికీ తలమానికం మా వేల్స్ మోసం. యోలో మొర్గానుగ్ అని ఒక తాపీమేస్త్రీ, రాళ్ళు చెక్కేవాడు. మహా కవి, అంతకన్నా మహా దొంగ రాతగాడు. నల్లమందు అలవాటు కూడా ఉండేది. డ్రూయిడ్ల కాలం నుంచి తమ ప్రాంతంలో కవుల సభ తెగకుండా నడుస్తోందని పాత ప్రతులు తనే సృష్టించి, 1792లో లండన్‌లోని ఒక గుట్ట మీద గులకరాళ్ళు గుండ్రంగా పేర్చి ఆ సభ జరిపాడు. 1819లో అది వెల్ష్ వాళ్ళ సాహిత్య ఉత్సవం ఐస్తెద్వోద్‌తో కలిసిపోయింది. ఆ ప్రతులు దొంగవని 20వ శతాబ్దంలో పండితులు తేల్చారు. ఉత్సవం మాత్రం ఆగలేదు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఇదంతా తెలిసే వెళ్ళాను, నవ్వుకుందామనే వెళ్ళాను. కుర్చీ బహుమతి రోజు. ఛందస్సులో రాసిన దీర్ఘ కవితకి ఇచ్చే బహుమతి అది. మన పద్యానికి యతి, ప్రాస ఉన్నట్టు వాళ్ళ పద్యానికి "కంగ్‌హనెద్" అని హల్లుల పొందిక ఉంటుంది, ఒక పాదం మొదటి సగంలోని హల్లులు రెండో సగంలో అదే వరసలో తిరిగి రావాలి. కవులు మారుపేర్లతో పంపుతారు. గెలిచినవాళ్ళెవరో అప్పటిదాకా సభకి తెలియదు. న్యాయనిర్ణేత మారుపేరు చదివాడు, దీపాలు ఆరిపోయాయి, బాకా ఊదారు. వేల మంది మధ్య నాకు నాలుగు వరసల ముందు కూర్చున్న ఒకావిడ మెల్లిగా లేచి నిలబడింది. వెలుగు వెతుక్కుంటూ వచ్చి ఆవిడ మీద ఆగింది. తెల్లటి అంగీల ఉత్తుత్తి డ్రూయిడ్లు ఆవిడని వేదిక మీదికి తీసుకెళ్ళారు. పెద్ద కత్తిని ఒరలోంచి సగం లాగి "శాంతి ఉందా?" అని అరిచారు. "శాంతి!" అని హాలంతా. అలా మూడుసార్లు. మూడోసారి నేనూ అరిచాను.

ఇదే కుర్చీని 1917లో నల్లగుడ్డ కప్పి ఇంటికి పంపారు. గెలిచిన కవి హెద్ విన్ అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధంలో, బెల్జియంలో చనిపోయాడు. గొర్రెల కాపరి. ఆయన ఇల్లు మాకు దగ్గర్లోనే, త్రాస్‌వెనిద్ పక్కన ఉంది, కుర్చీ అక్కడే ఉంది. ఆ డ్రూయిడ్ తంతు మూలం కల్పితమే, కానీ ఆ కుర్చీని కల్పితం అనగలమా?

ఈ పునరుద్ధరణ గాలి మన దాకా కూడా వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివర డబ్లిన్‌లో పాత ఐరిష్ గాథలని తిరిగి కవిత్వంలోకి తెచ్చిన గుంపులో జేమ్స్ కజిన్స్ ఒకడు. 1915లో ఇండియా వచ్చి మన మదనపల్లెలో కాలేజీలో పనిచేశాడు. 1919లో రవీంద్రుడు అక్కడికి వచ్చినప్పుడు జనగణమనకి స్వరాలు కూర్చి రాసిపెట్టింది ఆయన భార్య మార్గరెట్, రాస్‌కామన్ కౌంటీ అమ్మాయి. మదనపల్లె వాళ్ళకి ఈ కథ తెలుసు. వాళ్ళు ఎటునుంచి వచ్చారన్నది మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

కెల్టిక్ దేశాలు ఎన్ని అని ఎవరైనా అడిగితే మామూలుగా వచ్చే జవాబు ఆరు: ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్, కార్న్‌వాల్, బ్రిటనీ, ఐల్ ఆఫ్ మాన్. 1961లో మొదలైన కెల్టిక్ లీగ్ లెక్క అది, దానికి కొలబద్ద భాషే. స్పెయిన్‌లోని గలీసియా వాళ్ళు బాగ్‌పైప్ వాయిస్తారు, పండుగలకి వస్తారు, కానీ అక్కడ కెల్టిక్ భాష వినబడక వెయ్యేళ్ళు దాటింది కాబట్టి లీగ్ లెక్కలో లేరు. భాష చచ్చిపోయిందంటే కూడా వెంటనే నమ్మకూడదు సుమా. మాంక్స్ పుట్టుకతో వచ్చిన చివరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో పోయాడు. 2009లో యునెస్కో ఆ భాషని అంతరించినవాటిలో వేసింది. ఆ దీవిలో మాంక్స్ మీడియం ప్రైమరీ స్కూల్ ఉంది. పిల్లలు యునెస్కోకి మాంక్స్‌లోనే ఉత్తరం రాశారు: మా భాష పోయుంటే, మేమిప్పుడు ఏ భాషలో రాస్తున్నట్టు? యునెస్కో మాట మార్చుకుంది.

ఈ భాషలు ఊరికే నిలబడలేదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి చాలా బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లాడి మెడలో చెక్కబిళ్ళ వేలాడదీసేవాళ్ళు. సాయంత్రానికి అది ఎవరి మెడలో ఉంటే వాళ్ళకి బెత్తం దెబ్బలు. తెలుగు మాట్లాడితే రూపాయి ఫైన్ వేసిన స్కూల్లో చదివిన నాకు ఇది పెద్దగా వివరించక్కర్లేదు. 2021 లెక్కల్లో వేల్స్‌లో సుమారు 5,38,000 మంది, అంటే 17.8 శాతం వెల్ష్ వచ్చని రాయించుకున్నారు. 2050 నాటికి పది లక్షలు చేయాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఎంతవరకు అవుతుందో, నాకైతే అనుమానమే.

మా ఆవిడ వార్డు సంగతి ఒకటి. తొంభై దాటిన ఒకావిడకి మతిమరుపు ముదిరి ఇంగ్లీషు పూర్తిగా పోయింది. చిన్నప్పటి వెల్ష్ ఒక్కటే మిగిలింది. బయటి నుంచి వచ్చిన డాక్టర్లు ఏం అడిగినా గోడవైపు తిరిగేది. మాట్లాడదు, తినదు అని ఫైల్లో రాశారు. మా ఆవిడకి వచ్చిన వెల్ష్ అంతా కలిపి పాతిక వాక్యాలు. అందులో ఒకటి వాడి "పనాద్ కావాలా?" అంది, పనాద్ అంటే కప్పు టీ. ఆవిడ ఇటు తిరిగి, పాలు తక్కువ వేయమంది.

ఇక మీ ఐరిష్ అమ్మాయి నవ్వు. ఐర్లండ్‌లో కెల్టిక్ అనేది ఎక్కువగా సావనీర్ షాపు బోర్డు మీద, 1990ల ఆర్థిక జోరుకి పెట్టిన "కెల్టిక్ టైగర్" పేరులో కనిపించే మాట. తన గురించి ఆమె ఐరిష్ అంటుంది, ఇంకా అడిగితే ఫలానా కౌంటీ అంటుంది. ఇంకొకటి కూడా ఉండొచ్చు. 2022 లెక్కల్లో 18.7 లక్షల మంది ఐరిష్ భాష వచ్చన్నారు, బడి బయట రోజూ మాట్లాడేది 72,000 మందే. చాలామందికి అది పన్నెండేళ్ళకి పైగా చదివి, పరీక్ష టెన్షన్‌తోనే గుర్తుండిపోయిన సబ్జెక్టు. తనే మాట్లాడలేని భాష పేరు మీద ఎవరో సముద్రం అవతలి నుంచి వచ్చి గర్వపడుతుంటే నవ్వు రాక ఏమొస్తుంది? ఆ నవ్వులో కాస్త ఇబ్బంది కూడా ఉండి ఉంటుంది. అయినా అమెరికన్‌ని మరీ ఎగతాళి చేయకండి. ఆయన ముత్తాతల్లో ఎవరో 1840ల ఐర్లండ్ కరువులో ఓడెక్కి ఉండొచ్చు, ఆ వెతుకులాట నిజమైనదే. ఒక్క జాగ్రత్త: వృత్తంలో పొట్టి శిలువ ఉన్న "కెల్టిక్ క్రాస్" గుర్తుని కొన్ని జాతి దురహంకార గుంపులు తమదిగా వాడుకుంటున్నాయి. రాతి శిలువలూ లాకెట్లూ అన్నీ అలాంటివి కావు, కానీ జెండా మీద ఆ పొట్టి గుర్తు కనిపిస్తే పక్కనుంచి వెళ్ళిపోండి.

ఆ అమ్మాయిని ఒకటి నుంచి పది దాకా ఐరిష్‌లో లెక్కపెట్టమనండి. అది అక్కడ అందరికీ వస్తుంది. "త్రీ" దగ్గర, "దెహ్" దగ్గర చెవి పెట్టి వినండి. తర్వాత మీరు తెలుగులో లెక్కపెట్టి, ఒక్కటి కూడా ఎందుకు కలవలేదో చెప్పండి. ఆ మాటల్లో మాటగా, ఆ రోజు ఎందుకు నవ్విందో ఆ అమ్మాయినే అడగండి. నాకన్నా బాగా చెప్తుంది.